ఆ అడుగుల చప్పుడు ఎవరిది?

ఒకే సినిమా. నాలుగు క్యాసెట్లూ డిస్కులూ. ఒక్కోదాంట్లో ఒక్కోలా వినిపిస్తుంది. అసలుది ఏదో తేల్చుకుందామని కాలిఫోర్నియాలోని ఓ చిన్న ఊరికి వెళ్తే...

‘‘ఏవోయ్, గంట గోపురం ఏదీ?’’

శాన్ హ్వాన్ బటిస్టాలో కారు దిగగానే మా బావ అడిగిన మొదటి ప్రశ్న ఇది. జవాబు ఆయనకు తెలుసు. నన్ను ఆటపట్టించడానికే అడిగారు.

ఎదురుగా పచ్చిక మైదానం. దాని అంచున తెల్లటి గోడలు, ఎర్ర పెంకులు, వరసగా కమానులున్న పొడవాటి వసారా. 1797లో స్పెయిన్ నుంచి వచ్చిన క్రైస్తవ గురువులు నెలకొల్పిన మిషన్ ఇది. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘వెర్టిగో’ చూసినవాళ్లు ఎవరైనా ఇక్కడికి రాగానే తలెత్తి పైకి చూస్తారు. సినిమాలో ఈ చర్చి పక్కనే ఎత్తయిన గంట గోపురం ఉంటుంది. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇక్కడ మాత్రం ఆకాశం ఖాళీ!

ఒకప్పుడు చర్చికి చిన్న శిఖరం లాంటిది ఉండేదట. షూటింగు నాటికే దాన్ని తీసేశారు. హిచ్‌కాక్ ఏం చేశారంటే, గాజు మీద వేసే బొమ్మలతో, నమూనాలతో, కెమెరా గారడీతో తనకు కావలసినంత ఎత్తు గోపురం నిలబెట్టేశారు. కథానాయకుడు ఎక్కలేక ఆగిపోయే ఆ మెట్లు లాస్‌ఏంజెలెస్‌లోని స్టూడియోలో కట్టినవి. కిందికి చూస్తే నేల దూరంగా జారిపోతున్నట్టు కనిపించే షాట్ కోసం మెట్ల నమూనాను పక్కకు పడుకోబెట్టి తీశారు.

గోపురం లేదని తెలిసే వచ్చాం. మా గొడవ గోపురం గురించి కాదు. ఆ మెట్ల మీద వినిపించే అడుగుల చప్పుడు గురించి!

మూడు రాత్రులు... అదే సినిమా

మా అక్కావాళ్లు ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గర్లోని ఫ్రీమాంట్‌లో. తెలుగువాళ్లు బాగా ఉన్న ఊరు. బావ 1998లో అమెరికా వచ్చారు. అప్పటి చాలామంది తెలుగు కుర్రాళ్లలాగే అమీర్‌పేటలో కోర్సు చేసి, రెండు సూట్‌కేసులతో విమానం ఎక్కినవారే. మిగతావాళ్లు మొదటి జీతంతో కారుకి అడ్వాన్సు కట్టుకుంటే ఈయన డీవీడీ ప్లేయర్ కొన్నారు. దాంతోపాటు కొన్న మొదటి డిస్కు ‘వెర్టిగో’. ఈ మాట అక్క ఇప్పటికీ నలుగురిలో దెప్పుతూనే ఉంటుంది.

దానికో కారణముంది. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఓ మిత్రుడి గదిలో ఆ సినిమా టేపు చూశారట. కాపీకి కాపీ. బొమ్మ మీద గీతలు, మాటల వెనక బుసబుస. అయినా ఆ మెట్ల సీను రాత్రుళ్లు వెంటాడిందట.

కథ రెండు ముక్కల్లో చెప్పాలంటే... ఎత్తు ప్రదేశాలంటే భయపడే ఓ మాజీ డిటెక్టివ్. స్నేహితుడి భార్యను రహస్యంగా వెంబడించే పని ఒప్పుకుంటాడు. ఆమె మీద మనసు పడతాడు. ఓరోజు ఆమె గోపురం మెట్లెక్కుతుంది. ఇతను కళ్లు తిరిగి మధ్యలో ఆగిపోతాడు. తర్వాతి సంగతి చెప్పను. చూడనివాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. డిటెక్టివ్‌గా జేమ్స్ స్టూవర్ట్, ఆమెగా కిమ్ నోవాక్. 1958లో విడుదలైనప్పుడు అంతంతమాత్రంగా ఆడిన ఈ సినిమాను 2012లో బ్రిటన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ నిర్వహించిన ఓటింగులో విమర్శకులు ప్రపంచంలోనే అత్యుత్తమ చిత్రంగా ఎన్నుకున్నారు. 2022లో మళ్లీ జరిగిన ఓటింగులో రెండో స్థానం.

బావ అల్మారాలో ఇప్పుడు ఆ సినిమా నాలుగు రూపాల్లో ఉంది. పాత సామాన్ల అమ్మకంలో దొరికిన 1980ల నాటి వీహెచ్ఎస్ క్యాసెట్. 1998 డీవీడీ. 2008లో వచ్చిన రెండు డిస్కుల డీవీడీ. 2012 బ్లూరే. ‘‘అన్నీ ఒకటే సినిమా కదండీ!’’ అన్నాను. ‘‘కూర్చో’’ అన్నారు. అలా మూడు రాత్రులు కూర్చోబెట్టారు.

మొదటి రాత్రి క్యాసెట్. మాటా, పాటా, అడుగూ అన్నీ ఒకే చోటినుంచి, టీవీ మధ్యలోంచే వచ్చాయి. దీన్నే మోనో అంటారు. 1958లో థియేటర్లలో జనం విన్నది ఇలాగే. రెండో రాత్రి 1998 డీవీడీ. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, గుండెల్లో గుబులు పుట్టించే బరువైన శబ్దాల కోసం మరొకటి. బెర్నార్డ్ హెర్మన్ సంగీతం మొదలయ్యేసరికి గది గోడలు వెనక్కి జరిగినట్టయింది. డిటెక్టివ్ కారులో ఆమెను వెంబడించే సీన్లలో నిమిషాల తరబడి మాటలుండవు. అక్కడ ఆ సంగీతం మనల్ని చుట్టేసి లాక్కుపోతుంది. నాకైతే ఇదే నచ్చింది. పైకి చెప్పలేదు.

మూడో రాత్రి ఆట మరోలా సాగింది. బ్లూరేలో రెండు రకాల శబ్దాలూ ఉన్నాయి. బావ రిమోట్‌తో ఒకే సీనును అటూ ఇటూ మార్చి వినిపించారు. అప్పుడు తెలిసింది తేడా. పాతదాంట్లో అడుగులు సంగీతంలో కలిసిపోయి లోపల ఎక్కడో వినిపిస్తున్నాయి. కొత్తదాంట్లో ఒక్కో అడుగూ విడిగా, నిన్న వేసినట్టు స్పష్టంగా ఉంది. ‘‘శుభ్రం చేశారేమో’’ అన్నాను.

‘‘శుభ్రం చెయ్యడం కాదోయ్. అవి వేరేవాళ్ల అడుగులు!’’ అన్నారు బావ.

పులిహోరలోంచి పోపు తీయగలమా?

ఆయన చెప్పింది నిజమే. 1990ల నాటికి ‘వెర్టిగో’ నెగెటివ్ రంగులు వెలిసిపోయి పాడైపోతోంది. రాబర్ట్ హ్యారిస్, జేమ్స్ కట్జ్ అనే ఇద్దరు నిపుణులు రెండేళ్లపాటు శ్రమించి దాన్ని బతికించారు. పది లక్షల డాలర్లు దాటింది ఖర్చు. 1996 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాస్ట్రో థియేటర్లో 70 ఎంఎం తెర మీద, డీటీఎస్ శబ్దంతో వేశారు. కిమ్ నోవాక్ స్వయంగా వచ్చారు.

బొమ్మ సరే. శబ్దం దగ్గరే వచ్చింది చిక్కు. హెర్మన్ సంగీతం అసలు రికార్డింగులు పారమౌంట్ స్టూడియో గోదాముల్లో దొరికాయి. అమెరికాలో అప్పట్లో వాద్యకారుల సమ్మె నడుస్తుండటంతో యూరప్‌కు వెళ్లి లండన్, వియన్నాల్లో రికార్డు చేసిన సంగీతమది. దాన్ని ఆరు చానళ్లలోకి పరిచేయొచ్చు. కానీ అడుగులు, తలుపుల చప్పుళ్లు, తుపాకీ మోతలు అలా కాదు. అవన్నీ పాత సౌండ్‌ట్రాక్‌లో మాటలతో, సంగీతంతో కలిసిపోయి ఉన్నాయి. పులిహోర కలిపేశాక పోపు విడిగా తీయమంటే ఎలా?

అందుకే చాలా చప్పుళ్లను కొత్తగా సృష్టించారు. ఈ పనిని ఫోలీ అంటారు. యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీద వచ్చిన మాట. తెర మీద బొమ్మ చూస్తూ, అందులో మనిషి నడిస్తే ఇక్కడో మనిషి బూట్లు వేసుకుని నడుస్తాడు. ఆ చప్పుడు రికార్డు చేస్తారు. అంటే కొత్త డిస్కుల్లో జేమ్స్ స్టూవర్ట్ మెట్లెక్కుతుంటే మనకు వినిపించేది దాదాపు నలభయ్యేళ్ల తర్వాత మరెవరో వేసిన అడుగులన్నమాట!

ఇష్టారాజ్యంగా చేశారని కాదు. ఏ సీన్లో ఏ చప్పుడు ఎంత వినిపించాలో హిచ్‌కాక్ రాయించిన డబ్బింగ్ నోట్సు దగ్గర పెట్టుకునే చేశారు. కొన్నిచోట్ల మాత్రం లేని శబ్దాలు చేర్చాల్సి వచ్చింది. సైప్రస్ పాయింట్ దగ్గర సముద్రం ఒడ్డున నాయకా నాయికలు దగ్గరయ్యే సీను ఉంది. పాత ట్రాక్‌లోని గరగరలు, టప్‌టప్‌లు వినపడకుండా అక్కడ సముద్రపు కాకుల అరుపులు, పొగమంచులో ఓడలను హెచ్చరించే కూత అదనంగా కలిపారు. గోడకి పెచ్చులూడిన చోట క్యాలెండర్ తగిలించినట్టు!

ఆ కూత నేను నిజంగానే విన్నాను. అంతకు రెండు రోజుల ముందు ఫోర్ట్ పాయింట్‌కి తీసుకెళ్లారు. గోల్డెన్‌గేట్ వంతెన కింద ఉన్న పాత ఇటుకల కోట అది. సినిమాలో నాయిక నీళ్లలోకి దూకేది అక్కడే. వంతెన మీద మంచు దిగింది. పైనుంచి ‘భోం...’ అని మూలిగినట్టు కూత. అక్కడ నిలబడి విన్నవాడికి సినిమాలో అది కలిపినా తప్పనిపించదు. ‘‘అక్కడ ఉండాల్సిన శబ్దమే కదా మామయ్యా’’ అన్నాడు పదహారేళ్ల మా మేనల్లుడు కూడా.

బావ ఒప్పుకోలేదు. ‘‘గోపురం అబద్ధం. మెట్లు అబద్ధం. అప్పటి అడుగులూ స్టూడియోవే అనుకో. కానీ ఆ అబద్ధాలన్నీ హిచ్‌కాక్ దగ్గర కూర్చుని సరే అన్నవి. ఆయన 1980లో పోయాడు. ఈ కాకుల్ని ఎవరు సరే అన్నారు?’’

ఈ పట్టుదల ఆయనొక్కడిదే కాదు. 1998 డీవీడీలో కొత్త ఇంగ్లిషు ట్రాకే ఇచ్చారు. పాతది కావాలని అభిమానులు ఏళ్ల తరబడి అడిగారు. 2005 డీవీడీలో పాత మోనో ట్రాక్ తిరిగొచ్చింది. ఆ తర్వాత బ్లూరేలోనూ రెండూ ఇచ్చారు. ఎవరికి కావలసింది వాళ్లు నొక్కుకోవచ్చు.

మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’ 2010 జనవరి 30న రంగులద్దుకుని, డీటీఎస్ శబ్దంతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు. పెద్దవాళ్లు మాత్రం ఇంటికొచ్చి లెక్కలు తీశారు. కొన్ని పాటలూ చాలా పద్యాలూ అందులో లేవు మరి! కొత్తదాన్ని మెచ్చుకుంటూనే నలుపు తెలుపు డిస్కును జాగ్రత్తగా బీరువాలో పెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. మా ఇల్లూ అందులో ఒకటి.

బావ ఎడమ చెవి

మూడో రాత్రి సైప్రస్ పాయింట్ సీను నడుస్తోంది. కొత్త శబ్దం. ఓ పక్కనుంచి పక్షి అరిచింది. నేను తల తిప్పాను. మేనల్లుడూ తిప్పాడు. బావ తిప్పలేదు.

అప్పుడు గమనించాను. ఆ గదిలో స్పీకర్లన్నీ టేపు పెట్టి కొలిచి మరీ బిగించింది ఆయనే. సరిగ్గా మధ్యలో కూర్చుంటేనే శబ్దం సమంగా వస్తుందని ఎవర్నీ ఆ చోట కూర్చోనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఆయనే సోఫాకి ఎడమ చివర, కుడి చెవి మావైపు ఉండేలా ఒదిగి కూర్చున్నారు.

వంటింట్లో అక్కని అడిగితే చెప్పింది. నిరుడు ఓ ఉదయం నిద్ర లేచేసరికి గది గిర్రున తిరిగిందట. ఎడమ చెవిలో ఒకటే హోరు. జలుబు చేసిందేమో, గులిమి అడ్డుపడిందేమో అనుకుని మూడు వారాలు నెట్టుకొచ్చారు. ‘‘ఆఫీసులో పని ఒత్తిడి, వచ్చే వారం చూద్దాం, వచ్చే వారం చూద్దాం అన్నారు. నేనూ గట్టిగా చెప్పలేదురా’’ అంది. ఆ ఒక్క మాట దగ్గర అక్క గొంతు తగ్గింది. డాక్టర్ దగ్గరకు వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఉన్నట్టుండి వినికిడి పోతే మొదటి కొద్దిరోజుల్లోనే స్టెరాయిడ్ మందులు మొదలుపెట్టాలి. అప్పుడే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఆ ఎడమ చెవికి ఇక వినపడదు.

డాక్టర్ ఇచ్చిన కాగితం మీద కళ్లు తిరగడాన్ని ఏమని రాశారో తెలుసా? ‘వెర్టిగో’ అని! బావ దాన్ని మడిచి 1998 డీవీడీ పెట్టెలో దాచుకున్నారట. అందరికీ చూపించి నవ్వుతారట. నాకు మాత్రం చూపించలేదు.

ఏ శబ్దం ఎటునుంచి వస్తోందో మనకు తెలిసేది రెండు చెవులవల్ల. కుడివైపు కాకి అరిస్తే అది కుడి చెవికి రవ్వంత ముందు, కాస్త గట్టిగా చేరుతుంది. ఆ చిన్న తేడాని లెక్కగట్టి మెదడు దిక్కు చెబుతుంది. ఒక చెవి లేకపోతే లెక్క తప్పుతుంది. ఆరు స్పీకర్లున్న గది ఆయనకిప్పుడు దిక్కులు లేని గది. ఎడమ వెనక నుంచి వచ్చే వయొలిన్లు సగం చేరవు. మాటల మీద చప్పుళ్లు పడితే విడదీసుకోలేరు. పాత మోనోలో ఆ బాధ లేదు. ఉన్నదంతా ఒకేచోట, ఎదురుగా ఉంటుంది. ఒక చెవి ఉన్నవాడికీ రెండు చెవులున్నవాడికీ అదే సినిమా.

ఆయన మోనో కోసం వాదిస్తున్నది హిచ్‌కాక్ మీద భక్తితో మాత్రమే అనుకున్నాను. సగం కారణం సోఫా చివర కూర్చుని ఉంది!

వెల్లుల్లి వాసన దారిలో...

మర్నాడు శనివారం. ‘‘గోపురం చూద్దాం పద’’ అని ఆయనే బయల్దేరదీశారు. ఫ్రీమాంట్ నుంచి 101 హైవే మీద దక్షిణానికి గంటకు పైగా ప్రయాణం. శాన్‌హోసే దాటాక భవనాలు పలచబడి, ఎండకు గోధుమరంగుకి తిరిగిన కొండలు మొదలవుతాయి. గిల్‌రాయ్ దగ్గర కారు అద్దాలు దించితే చాలు, వెల్లుల్లి వాసన గుప్పుమంటుంది. ప్రపంచ వెల్లుల్లి రాజధాని అని చెప్పుకునే ఊరది. ‘‘ఎవరింట్లోనో పప్పుకి తాలింపు పెట్టినట్టుంది’’ అంది అక్క. అక్కడికి కాసేపట్లో 156 రోడ్డులోకి మళ్లితే శాన్ హ్వాన్ బటిస్టా.

రెండు వేల జనాభా ఉన్న ఊరు. వీధుల్లో కోళ్లు యథేచ్ఛగా తిరుగుతుంటాయి. మైదానానికి ఓ పక్క చర్చి, ఇంకో పక్క సినిమాలో చూసిన గుర్రపుశాల. అందులో పాత బగ్గీలున్నాయి. చర్చి పక్క నుంచి నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. అది శాన్ ఆండ్రియాస్ భూభ్రంశం. 1906 భూకంపానికి చర్చి పక్క గోడలు కూలిపోయాయి. తర్వాత బాగుచేశారు. ఆ అంచునే పాత శ్మశానం. ఇక్కడికి తెచ్చి మతం మార్చిన ఆదివాసులు నాలుగు వేల మందికి పైగా ఆ చిన్న జాగాలో మట్టిలో కలిసిపోయారు. గోపురం కోసం వచ్చే సినిమా యాత్రికులు అక్కడ కాసేపు ఆగితే బాగుంటుంది.

గుమ్మం పక్కన మూడు గంటలున్న గోడ కనిపించింది. 2010లో పునరుద్ధరించారట. సినిమా చివర గంట మోగుతుంది. ఆ మోత వినిపిస్తుందేమో అని కాసేపు నిలబడ్డాం. మోగలేదు. దానికి బదులు ఎక్కడో కోడి కూసింది.

బావ కళ్లు మూసుకున్నారు. మళ్లీ కూసింది. ‘‘ఎటువైపోయ్?’’ అన్నారు నెమ్మదిగా.

తన చెవి సంగతి నాతో ఆయన అన్న మొదటి మాట అది. ఆయన భుజం పట్టుకుని గుర్రపుశాల వైపు తిప్పాను. ఎర్రటి పుంజు ఒకటి కంచె మీద కూర్చుని ఉంది. ఆయన కళ్లు తెరిచి దాన్ని చూసి తలూపారు. ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు.

పెంకుల మీద పాదాలు

చర్చి లోపల చల్లగా ఉంది. 1812లో పూర్తయిన కట్టడం. నేలంతా ఎర్ర మట్టి పెంకులు పరిచారు. మేనల్లుడు ఉన్నట్టుండి వంగి, ‘‘నాన్నా, ఇటు చూడు!’’ అన్నాడు. ఓ పెంకు మీద జంతువు పాదం ముద్ర. దానికి అటుగా మరొకటి. రెండు వందల ఏళ్ల కిందట పచ్చి పెంకులు ఎండలో ఆరబెట్టినప్పుడు ఏవో జంతువులు వాటిమీద నడిచి వెళ్లిపోయాయి. ఎవరూ చెరపలేదు. అలాగే కాల్చి, అలాగే పరిచారు.

బావ మోకాళ్ల మీద కూర్చుని ఆ గుర్తు మీద వేలితో రాశారు. ‘‘వీటికి చప్పుడు లేదు కానీ, ఇవి మాత్రం డబ్బింగ్ కాదోయ్’’ అన్నారు. మా నవ్వుకు వెనక బల్లమీద ప్రార్థన చేసుకుంటున్న పెద్దావిడ తలెత్తి చూసింది. క్షమించమన్నట్టు చేతులు జోడించి బయటికొచ్చేశాం.

తిరుగు ప్రయాణంలో నన్ను అడిగారు... ‘‘నిజం చెప్పు. నీకు ఏది నచ్చింది?’’ అని. కొత్తదే అని ఒప్పేసుకున్నాను. ఆ సంగీతం అలా చుట్టూ పరుచుకోవడం ఇప్పటికీ నాకు ఇష్టమే. ‘‘తప్పులేదు. రెండు చెవులున్నన్నాళ్లూ విను. పాతది పారేయమనకు, అంతే’’ అన్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మళ్లీ సినిమా పెట్టారు. రిమోట్ మేనల్లుడి చేతిలో ఉంది. ఎవరూ చెప్పకుండానే మోనోకి మార్చాడు. తర్వాత సోఫాలో వాళ్ల నాన్నకు కుడిపక్కకి వచ్చి కూర్చున్నాడు. మధ్యలో ఏదైనా చెప్పాలనుకుంటే ఆ పక్కనుంచే చెప్పాలి మరి!

మీరూ విని చూడండి

* పాత సినిమా డిస్కు కొనేటప్పుడు అట్ట వెనక ఆడియో వివరాలు చూడండి. 5.1 అని మాత్రమే ఉంటే కొత్తగా కలిపిన శబ్దం కావచ్చు. ‘ఒరిజినల్ మోనో’ అని విడిగా రాసి ఉంటే విడుదలనాటి ట్రాక్ కూడా ఉన్నట్టే. రిమోట్ మీద ఆడియో బటన్‌తో మార్చుకోవచ్చు.

* ఇంట్లో ఒక చెవి వినపడనివారు ఉంటే ఫోన్ సెట్టింగుల్లో ‘యాక్సెసబిలిటీ’ కింద ‘మోనో ఆడియో’ ఆన్ చేయండి. ఇయర్‌ఫోన్లలో రెండు వైపుల శబ్దమూ ఒకే చెవికి చేరుతుంది.

* ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోయినా, దాంతోపాటు కళ్లు తిరిగినా, చెవిలో హోరు మొదలైనా ‘వచ్చే వారం చూద్దాం’ అనుకోవద్దు. అదే రోజు, కుదరకపోతే మర్నాడైనా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

* శాన్ హ్వాన్ బటిస్టా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దాదాపు 90 మైళ్లు. చర్చిలో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. పక్కనున్న గుర్రపుశాల, పాత ఇళ్లు రాష్ట్ర చారిత్రక ఉద్యానంలో భాగం. గోపురం కోసం మాత్రం వెతక్కండి!